పరార్థజీవి

శంఖచూడుడనే నాగకుమారునికి బదులుగా జీమూతవాహనుడు గరుత్మంతునికి దేహాన్ని అర్పించాడు. గౌరీదేవి అతనిని బ్రతికించింది. పోలండుకు చెందిన కతోలిక మిషనరీ ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బేకు అట్టి వరం లభించలేదు.

ఆయన 1930లో జపాను చేరి నాగసాకిలో మఠం నెలకొల్పాడు. 1936లో స్వదేశానికి మరలాడు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చినపుడు యూదులతో సహా నిరాశ్రయులెందరికో తన మఠంలో చోటిచ్చాడు. 1941లో నాజీలు ఆయనను ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి పంపి, 16670 అనే అంకెగా మార్చారు. ఒక ఖైదీ పారిపోయాడని పదిమందికి ఆకలిచావు శిక్షగా విధించారు. వారిలో ఒకడు భార్యాబిడ్డలను తలచి విలపించగా, కోల్బే అతని స్థానంలో నిలిచాడు. రెండు వారాలైనా ప్రాణం పోకపోవడంతో ఆగస్టు 14న విషపు సూదితో చంపారు. ఆ గృహస్థుడు 1995 వరకు జీవించాడు.

త్యాగం మృత్యుముఖంలో హఠాత్తుగా పుట్టేది కాదు. నిరాశ్రయులకు తలుపు తెరచిన నాడే కోల్బే దానిని అభ్యసించాడు.