వెనక సీటు జ్ఞాపకాలు

మగవాళ్ళకి యాభై దాటిందంటే చాలు, మోటార్ సైకిలు జ్ఞాపకాలు మొదలవుతాయి. పెళ్ళిళ్ళలో చూడండి. భోజనాలయ్యాక నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారంటే అయిదో నిమిషంలో ఒక యెజ్డీ, పదో నిమిషంలో ఒక రాజ్‌దూతూ వచ్చి తీరతాయి. ఏ వాగులో దిగబడిందీ, ఏ గట్టు మీంచి దూకిందీ చెబుతూ వుంటే వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు కూడా తిరుగుతాయి. పెళ్ళినాడు భార్య కట్టిన చీర రంగు గుర్తుండదు గానీ, ఎప్పుడో అమ్మేసిన బండి నంబరు గుర్తుంటుంది!

వాళ్ళని గుర్తు చేసుకోవద్దని నేననను. ఆ కథల్లో మనం ఎక్కడున్నామన్నదే నా ప్రశ్న. వెతికితే దొరుకుతాం లెండి. వెనక సీటు మీద, ఒక పక్కకి తిరిగి, ఒళ్ళో పిల్లాడితో, చేతిలో సంచీతో. చట్టం కూడా మనల్ని అక్కడే చూసినట్టుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వుంది. వెనక కూర్చున్న మనిషి బట్టలు చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం మేర కప్పే అడ్డు వుండాలంటుందది. మనం చీర గార్డు అనేది దాన్నే. ప్రాణం కాపాడే నిబంధనే, కాదనను. కానీ కొంగూ చున్నీ వుండేది వెనక సీటు మీదేనని ఎంత ధీమాయో చూశారా!

ఇది మన దేశపు జబ్బేననుకుంటే పొరపాటు. మోటోక్రాస్ అని ఒక పందెం వుంది. తారు రోడ్డు మీద కాదు. బురదలో, గుంటల్లో, మట్టి దిబ్బల మీంచి బండ్లు దూకించే పందెం. అమెరికాలో 1960, 70ల నాటి పాత బండ్లని బాగుచేసుకుని ఇప్పటికీ ఈ పందేలాడతారు. పాత బండ్ల వెనక చక్రం నాలుగంగుళాలకి మించి పైకీ కిందికీ ఆడదు. కొత్తవాటికి అడుగు దాకా ఆడుతుంది. అందుకని పాతవాటితో మేడంత ఎత్తు ఎగరడాలు కుదరవు, నేర్పే ఆధారం.

ఈ పందేల మగవాళ్ళు మురిసిపోయే జ్ఞాపకం ఏమిటో తెలుసా? కాలిన ఆముదం వాసన! అవును, మన నల్లగొండ, పాలమూరు చేలల్లో పండే ఆముదమే. ఆ రోజుల్లో పందెం ఇంజన్లకి ఆముదంతో చేసిన నూనె వాడేవారు. కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరులోంచి పుట్టిందే. ఆ ఆముదమే మనం తలకి రాసుకుంటే ముతక వాసన, ఇంజన్లో కాలితే వీరుల వాసన.

ఇంకో ముచ్చట. స్వీడన్‌లో హస్క్‌వార్నా అనే కంపెనీ 1872 నుంచి కుట్టుమిషన్లు, 1903 నుంచి మోటార్ సైకిళ్ళు చేసింది. రెండూ ఒకే పేరు మీద వచ్చిన యంత్రాలే. కుట్టుమిషను ఆడవాళ్ళకీ, మోటార్ సైకిలు మగవాళ్ళకీ అని పంచిపెట్టింది ఎవరు? 1975లో మేరీ మెక్‌గీ అనే ఆవిడ ఆ హస్క్‌వార్నా మీదే మెక్సికో ఎడారిలో బాహా 500 పందెం పూర్తిచేసింది. దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. మధ్యలో బండిని ఇంకొకరికి అప్పగించకుండా, మొదలునుంచి చివరిదాకా తనే నడిపింది. అలా నడిపినవాళ్ళలో, ఆడా మగా అందరిలోనూ ఆవిడే మొదటి మనిషి. 2000లో పాత బండ్ల మోటోక్రాస్‌కి మళ్ళీ దిగి, డెబ్బై దాటాక కూడా పందేలాడింది. 2024లో పోయింది. ఆ కుర్చీల సభలో ఆవిడ పేరు నేనెప్పుడూ వినలేదు.

1971లో కెర్రీ క్లైడ్ అనే అమ్మాయికి పందెం లైసెన్సు ఇచ్చి, తీరా మైదానానికి వచ్చాక ఆడపిల్లని తెలిసి దిగనివ్వలేదు. ఆ అమ్మాయి కోర్టుకెళ్ళి గెలిచింది. ఇక 1974లో కాలిఫోర్నియాలో ఆడవాళ్ళకంటూ మోటోక్రాస్ పోటీ పెట్టి, దానికి పెట్టిన పేరు 'పౌడర్ పఫ్'! మొహానికి పౌడరద్దుకునే కుచ్చు అన్నమాట. మోకాలి లోతు బురదలో బండి నడిపినవాళ్ళకి ఎంత మర్యాద!

అదంతా దొరల దేశం గోల, మనకెందుకంటారా? 1994 వేసవిలో ప్రకాశం జిల్లాలోని మా ఊరి చెరువు ఎండి నెర్రెలిచ్చింది. బాబాయి మధ్యాహ్నం నిద్రపోయే వేళ, వాళ్ళబ్బాయి నాకు రాజ్‌దూత్ నేర్పాడు. చున్నీ నడుముకి బిగించి పదకొండు రోజులు నడిపాను. గుంట వచ్చినప్పుడు సీటు మీంచి లేచి నిలబడాలి, మోకాళ్ళు వంచాలి, చేతులు బిర్రబిగించకూడదు. బండిని కిందనే ఎగరనిచ్చి మనం పైన తేలిపోతుంటే వుంటుందీ, ఆ హాయిని నా నవలల్లో ఏ నాయికకీ ఇంతవరకూ ఇవ్వలేకపోయాను! పన్నెండో రోజు నాయనమ్మకి తెలిసింది. "నడుం విరిగితే ఎవడు చేసుకుంటాడే నిన్ను?" అంది. నేర్పినవాణ్ణి ఎవరూ ఒక్క మాటనలేదు. ఆ వేసవి కథ అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు. అందులో చెరువుంది, రాజ్‌దూత్ వుంది, నేను లేను.

మట్టిలో బండి ఎగిరితే ఆడదాని గర్భసంచి జారుతుందని చదువుకున్నవాళ్ళే నాతో అన్నారు. మూడో అంతస్తుకి ఇటుకల తట్ట మోసే కూలీమనిషి గర్భసంచి గురించి వీళ్ళెవరూ దిగులుపడగా నేను చూడలేదు. దెబ్బలు తగలవా? తగులుతాయి. బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సేకి ఎముకలు విరిగాయి, ఆపరేషన్లయ్యాయి. ఆ తర్వాతే 2019లో బాహా పందేల ప్రపంచకప్పు ఆడవాళ్ళ విభాగంలో గెలిచింది. మగపిల్లాడు చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆ కట్టు మీద స్నేహితులు సంతకాలు పెడతారు. ఆడపిల్లకైతే పెళ్ళిచూపులకి ముందే కట్టు విప్పించాలని డాక్టరు చుట్టూ తిరుగుతాం. తిరిగేది ఎవరండీ? నాన్నలు కాదు, మనమే.

ఇంతకీ ఈ గొడవంతా ఎందుకంటే, మా అక్కయ్య కూతురు బాబాయిగారి రాజ్‌దూత్ అడిగింది. విడదీసి, బాగుచేసి, మట్టిలో నడుపుతానంది. తన జీతం, తన ఆదివారాలు. బాబాయి చాలా ప్రేమగానే చెప్పాడు, "అది మీ మామయ్య జ్ఞాపకం తల్లీ, ఎవరికీ ఇవ్వం" అని. ఆ జ్ఞాపకం పశువుల కొట్టంలో వుంది. టాంకు తుప్పు పట్టింది, సీటు చిరిగిపోయింది, కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. మామయ్యగారు దాన్ని తాకి పదేళ్ళయింది. మా అక్కయ్య కూడా "పోనీలేవే, స్కూటీ వుందిగా" అంటోంది.

పిల్ల మాత్రం కొత్త ప్లగ్గూ, క్లచ్చి ప్లేట్లూ కొని అలమారలో పెట్టుకుంది. వచ్చే నెల ఊరికెళుతున్నాం ఇద్దరం. బాబాయితో ఈసారి మాట్లాడేది నేను.