దారి కూడా పరిహారమే

సునాబెడకు బదిలీ అయిందని తెలియగానే విశాఖలోని నౌకాదళ కుటుంబం ఇరుగుపొరుగును ముందుగా అడిగేది అక్కడికి ఎలా వెళ్లాలనే. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, తూర్పు కనుమల మీద ఉన్న ఊరది. నౌకాదళానికి అక్కడ ఆయుధాగారం ఉంది. మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల కోసం 1960లలో పెట్టిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం, దాని టౌన్‌షిప్ కూడా అక్కడివే. సముద్రం మీద పనిచేసే దళానికి కొండల్లో ఏం పనని కొత్తవారు ఆశ్చర్యపోతారు. మందుగుండు నిల్వకు జనావాసాలకు ఎడంగా, చుట్టూ ఖాళీ జాగా ఉన్న చోటు కావాలి. పటం మీద చూస్తే ఈ కొండలు అలాంటి చోటులాగే కనిపిస్తాయి.

రోడ్డున వెళితే విజయనగరం, సాలూరు మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపు మలుపుకీ లారీ ఎదురవుతుంది, పిల్లలకు కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ ఒకటి చేతిలో ఉంచుకోమని ముందు వెళ్లివచ్చినవారు చెబుతారు. రైలు కావాలంటే కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన మార్గమిది. పొద్దున్నే విశాఖలో ఎక్కితే బొర్రా గుహలు, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ, అరకు, పాడువా దాటి మధ్యాహ్నానికి కోరాపుట్ చేరవచ్చు. 2017లో అద్దాల పెట్టె తగిలించినప్పటి నుంచి అరకు దాకా పర్యాటకుల సందడే. వాళ్లు దిగిపోయాక పెట్టెల్లో మిగిలేది ట్రంకుపెట్టెలతో కొత్త కొలువుకు వెళ్లే ఉద్యోగులు, బుట్టలతో ఊళ్లకు తిరిగివెళ్లే ఆదివాసీలు. వానాకాలంలో కొండ చరియ జారి పట్టాల మీద పడితే ఇద్దరి ప్రయాణమూ ఆగిపోతుంది.

గేటు లోపలికి అడుగుపెట్టాక ఆ ఉద్యోగికి దారి బెంగ చాలావరకు తీరుతుంది. క్వార్టర్స్ ఇస్తారు, కేంద్రీయ విద్యాలయం అందుబాటులో ఉంటుంది, జీతంతో పాటు రవాణా భత్యం వస్తుంది. జబ్బు ముదిరితే విశాఖలో నౌకాదళ ఆసుపత్రి కల్యాణి ఉంది. ఇల్లూ ఊరూ వదిలి దేశం కోసం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయే మనిషికి ఇవన్నీ న్యాయంగా దక్కాల్సినవే. ఇంకా మెరుగ్గా ఉండాలని కూడా కోరుకోవాలి.

అదే కంచె కారణంగా ఊరు మారినవారు మరికొందరున్నారు. వారికి బదిలీ ఉత్తర్వు లేదు, భత్యం లేదు. పాలగుమ్మి సాయినాథ్ 1990లలో కోరాపుట్ పల్లెలు తిరిగి రాసినవాటిలో చికాపార్ అనే ఊరి కథ ఉంది. గదబలు, పరోజలు, దళితులు కలిసి బతికిన ఊరది. 1968లో మిగ్ కర్మాగారం కోసం వారిని లేపారు. వెళ్లిన చోట ఇళ్లు కట్టుకుని, ఆ చోటుకూ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. 1980లలో ఎగువ కొలాబ్ ప్రాజెక్టు, నౌకాదళ ఆయుధాగారం వచ్చాయి. మళ్లీ లేవమన్నారు. మూడోసారి కూడా కదలాల్సి ఉంటుందన్న మాట వారిని వెంటాడింది. కట్టుకున్న గోడ ఆరేలోపే మళ్లీ మూట కట్టుకోవలసి వచ్చిన తల్లులు ఎంత అలసిపోయి ఉంటారో ఊహించండి.

ఇల్లు పోతే లెక్క కడతారు. ఎంత ఆలస్యమైనా, ఎంత తక్కువైనా పొలానికీ ఏదో ఒక ధర వేస్తారు. నడిచే దారికి మాత్రం ఏ రిజిస్టరులోనూ విలువ రాయరు. కొండ ఊళ్లో కాలిబాట ఒకటే ఉండదు. సంతకు ఒకటి, ఊటబావికి ఒకటి, పశువులు మేతకు దిగేది ఒకటి, ఆడబిడ్డ ఇంటికి వెళ్లేది ఒకటి, చనిపోయినవారిని మోసుకెళ్లేది ఇంకొకటి. తరాల తరబడి పాదాలు వేసిన ఈ దారులకు పట్టా ఎవరిస్తారు? కంచె అడ్డం పడ్డ రోజున గట్టు దిగితే అందే సంతకు కొండ చుట్టూ తిరిగి పోవాలి. నెత్తిన పసుపు బస్తానో, చంకలో పిల్లో ఉన్నవాళ్లకు పెరిగిన ఒక్కో మైలూ బరువే. జీపు దొరికిందా, లోపల పది మంది, పైన బస్తాల మధ్య మరో అయిదుగురు, వెనక నిచ్చెన పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు, కాళ్లు కట్టిన కోళ్లు సీట్ల కింద. దానికిచ్చే కిరాయి అమ్మిన పసుపు డబ్బులోంచే పోవాలి.

మన వైపు కూడా ఇదే కథ. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాలన దగ్గరైంది, నిజమే. అయినా గర్భిణిని డోలీలో మోసుకొచ్చారన్న వార్త వానాకాలమంతా మన పత్రికల్లో వస్తూనే ఉంటుంది. ఇక అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరంలో నౌకాదళ స్థావరం కోసం కదిలిన మత్స్యకారులది ఇంకో రకం ప్రయాణం. వారికి కొలువుకు దారంటే సముద్రానికి వెళ్లే దారే. కొత్త ఇల్లు ఒడ్డుకు ఎంత దూరమైతే తెల్లవారుజామున వలలు, ఇంజన్ ఆయిలు మోయడానికి అంత ఆటో ఖర్చు.

చట్టానికి ఈ సంగతి తెలియదనలేం. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం మూడో షెడ్యూలు నిర్వాసితుల కాలనీకి ఏమేం ఉండాలో చెబుతుంది. అందులో మొట్టమొదటిది ఊళ్లో రోడ్లు, అన్ని కాలాల్లో నడిచే రహదారితో పక్కా రోడ్డుకు కలపడం, దారి హక్కు. దగ్గరి పట్టణానికి స్థానిక బస్సు ఉండాలని కూడా అందులోనే ఉంది. చికాపార్ వాసులు కదిలిన రోజుల్లో ఇలాంటి చట్టం లేదు. అప్పుడు కోల్పోయినవారికి ఇది దానంతట అది వర్తించకపోవచ్చు. కానీ 2013లో న్యాయమని తోచింది 1968లో కదిలినవారి మనవలకు అన్యాయం ఎలా అవుతుంది?

యూనిఫారానికీ దారికీ వైరమేమీ లేదు. సీలేరుకు ఆవల, మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం నీళ్లు చుట్టుముట్టిన పల్లెలకు దశాబ్దాల పాటు పడవే దిక్కు. వంతెన పని ఎన్నోసార్లు ఆగింది. చివరకు సరిహద్దు భద్రతా దళం కాపలాలో సాగిన పని 2018 జూలైలో 910 మీటర్ల గురుప్రియ వంతెనగా పూర్తయింది. అవతలి ఒడ్డుకు అంబులెన్సు వెళ్లగలిగింది. జవాను అక్కడ నిలబడ్డందుకు ఊరికి రోడ్డు వచ్చిన సందర్భమది. అలాంటివి ఇంకా కావాలి.

సునాబెడ, రాంబిల్లి లాంటి చోట్ల చేయదగినవి పెద్ద ఖర్చున్న పనులు కావు. ఉద్యోగుల కోసం వేసిన రోడ్డు గేటు దగ్గర ఆగకుండా పక్క పల్లె దాకా సాగవచ్చు. ఆర్టీసీ బస్సు వేళను షిఫ్టు సైరన్‌కే కాక సంత రోజుకూ సరిపెట్టవచ్చు. భద్రతకు ముప్పు లేని చోట పాత కాలిబాటను కంచె వెలుపలి నుంచి మళ్లించి, వాగుల మీద చిన్న కల్వర్టులు వేయవచ్చు. కొత్తగా పోస్టింగ్ మీద వచ్చే కుటుంబాలకు మరో మనవి. ఖాళీ సీట్లతో కొండ ఎక్కుతున్నప్పుడు, నియమాలు అనుమతించే చోట, దారిలో బరువుతో నడుస్తున్న అవ్వ దగ్గర బండి ఆపండి. మీకంటే ముందు అక్కడికి కదిలొచ్చిన కుటుంబం ఆమెది కావచ్చు.

స్థావరాల అధికారులు, జిల్లా కలెక్టర్లు వచ్చే వానలకు ముందే కంచె పక్క ఊళ్ల పెద్దలను కూర్చోబెట్టి, వాళ్లు నడిచే దారులన్నీ పటం మీద గుర్తించాలని, మూసుకుపోయిన ప్రతి దారికీ ప్రత్యామ్నాయం చూపాలని కోరుతున్నాం.