పాత యుద్ధవిమానాల అధికారిక గణాంకాల విశ్వసనీయత

యుద్ధవిమానాల గరిష్ఠ వేగము, చేరగల ఎత్తు, ప్రయాణ దూరము మొదలగు వాటి గురించి ప్రభుత్వాలు, తయారీ సంస్థలు ప్రకటించిన సంఖ్యలను అధికారిక గణాంకాలు అంటారు. రెండవ ప్రపంచ యుద్ధము, ప్రచ్ఛన్న యుద్ధ కాలాల విమానాలకు సంబంధించిన ఇట్టి సంఖ్యలు అనేక గ్రంథాలలో యథాతథముగా కనిపించును. అయితే ఏ విమానమును, ఏ పరిస్థితులలో పరీక్షించిరో తెలియనిచో ఈ సంఖ్యలు పాఠకులను తప్పుదారి పట్టించగలవు.

పేరు మార్చిన రికార్డులు

1939 ఏప్రిల్ 26న ఫ్రిట్జ్ వెండెల్ నడిపిన జర్మనీ విమానము గంటకు 755.138 కిలోమీటర్ల వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పినది. దానిని 'మెసర్‌ష్మిట్ 109ఆర్' అను పేరుతో ప్రకటించిరి. అందువలన అది జర్మనీ వైమానిక దళము వాడుచున్న 109 యుద్ధవిమానములో ఒక రకమని లోకము భావించినది. వాస్తవానికి అది రికార్డు కొరకే నిర్మించిన, ఆయుధాలు లేని మెసర్‌ష్మిట్ 209. ఆనాటి 109ఇ రకము గరిష్ఠ వేగము, అనుకూలమైన ఎత్తులో సైతము, గంటకు సుమారు 570 కి.మీ. మాత్రమే. అనగా వేగపు కొలత సరియైనదే, విమానము పేరే అసత్యము. అంతకు ముందు నెలలో రికార్డు సాధించిన హైంకెల్ 100ను కూడా 'హైంకెల్ 112యు' అని ప్రకటించిరి.

కొలతలలో తేడాలు

మోసము లేనిచోట కూడా సంఖ్యలు మారును. బ్రిటన్ స్పిట్‌ఫైర్ మొదటి రకములో 1938 నాటి కే9787 విమానము గంటకు 583 కి.మీ. వేగమును అందుకొనగా, 1940లో పరీక్షించిన ఎన్3171 విమానము 570 కి.మీ. వద్ద ఆగినది. గుండ్లను తట్టుకొను ముందు అద్దము అమర్చుట ఈ తగ్గుదలకు ఒక కారణము. అదే ఎన్3171 సముద్రమట్టము వద్ద 455 కి.మీ. వేగముతోనే ఎగిరినది. తరువాత 100 ఆక్టేన్ ఇంధనము వాడుకలోనికి రాగా తక్కువ ఎత్తులలో వేగము గణనీయముగా పెరిగినది. వేగమాపకపు రీడింగునకు గాలి సంపీడ్యత సవరణ చేయనిచో వేగము ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించును.

మిగ్-25 ఉదాహరణ

సోవియట్ యూనియన్ మిగ్-25తో సాధించిన రికార్డులను 'ఇ-266' అను పేరుతో నమోదు చేయించినది. వాటిని చూచి పాశ్చాత్య నిపుణులు ఆ విమానపు శక్తిని అతిగా అంచనా వేసిరి. అమెరికా ఎఫ్-15 రూపకల్పనపై ఈ భయము ప్రభావము చూపినది. 1976 సెప్టెంబరు 6న విక్టర్ బెలెంకో ఒక మిగ్-25ను జపానులోని హకోదాతెలో దించిన పిమ్మట, అది అధిక భాగము ఉక్కుతో చేసిన బరువైన విమానమనియు, దాని ప్రయాణ దూరము పరిమితమనియు తెలిసినది. ధ్వనివేగమునకు 2.8 రెట్లు దాటినచో దాని ఇంజనులు దెబ్బతినును. భారత వైమానిక దళము ఈ విమానాలను 1981 నుండి 2006 వరకు నిఘా కొరకు ఉపయోగించినది.

గణాంకాలను పరిశీలించు విధానము

ప్రకటిత సంఖ్యను స్వీకరించుటకు ముందు విమానపు రకము, బరువు, ఆయుధాలు, ఎత్తు, ఇంధనము, ఇంజను శక్తిని ఎన్ని నిమిషాలు వాడిరి అను వివరాలు చూడవలెను. ఆ సంఖ్యను ఎవరు, ఏ ప్రయోజనము కొరకు ప్రకటించిరో కూడా గమనించవలెను. ఈ వివరాలు లేని రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి ఏ విమానము మేలైనదో నిర్ణయించుట సరికాదు.