పాత విమానం – పలువురు యజమానులు

ప్రాచీన వస్తువులను కాపాడుకోవాలన్న ఆసక్తి నేడు లోకమంతటా పెరుగుతున్నది. ఇది హర్షింపదగిన విషయమే. అయితే జీర్ణోద్ధరణ అనగా వస్తువును తొలి యజమాని నాటి రూపానికి తెచ్చి, నడుమ గడచిన కాలాన్ని తుడిచివేయడమేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు లుఫ్తాన్సా సంస్థవారి జంకర్స్ జు-52 ప్రయాణిక విమానం చరిత్ర ఎంతగానో తోడ్పడుతుందని మా అభిప్రాయం.

ముడతల రేకుల దేహమూ, మూడు ఇంజన్లూ గల ఈ విమానం 1936లో జర్మనీలో తయారైనది. లుఫ్తాన్సా దానికి డి-ఎ.క్యు.యు.ఐ. అను గుర్తునిచ్చినది. ఆ యేడే అది నార్వే దేశపు విమాన సంస్థ చేతికి పోయి, నీటిపై దిగే విమానంగా మారి, సముద్రతీరపు ఊళ్లను కలుపుతూ ఎగిరినది. 1940లో నార్వేను ఆక్రమించిన జర్మన్లు దానిని లాగుకొన్నారు. ఈ చేతుల మార్పిడికి క్రయపత్రం లేదు, తుపాకి మాత్రమే ఉన్నది. 1945లో యుద్ధం ముగియగా అది మరల నార్వేకు దక్కినది. అటుపిమ్మట అక్కడివారు యుద్ధకాలంలో తయారైన మరొక జంకర్స్ దేహాన్ని తీసుకొని, దానినే పాత విమానపు సంఖ్యతో నమోదు చేసి నడిపారు.

1957లో ఈక్వడార్ దేశపు సంస్థ ఒకటి దానిని కొని 1963 వరకు నడిపినది. ఆ తరువాత ఆరేండ్లపాటు అది కీటో విమానాశ్రయంలో ఎండకూ వానకూ పడి ఉన్నది. 1969లో ఒక అమెరికా దేశస్థుడు కొన్నాడు. 1975లో రచయిత మార్టిన్ కేడిన్ కొని, 'ఐరన్ ఆనీ' అని పేరుపెట్టి, అమెరికా ఇంజన్లు బిగించి, ప్రదర్శనలలో ఎగురవేశాడు. 1984లో లుఫ్తాన్సా దానిని తిరిగి కొన్నది. హాంబర్గులో పదహారు మాసాలు మరమ్మతులు జరిపి, 1986లో తన అరవై ఏండ్ల పండుగకు సిద్ధం చేసినది. 2018 వరకు అది ప్రయాణికులను మోసినది.

ఇంత ప్రయాణం చేసిన విమానంపై పెద్ద అక్షరాలతో వ్రాసినది 1936 నాటి గుర్తే. చట్టం గుర్తించిన డి-సి.డి.ఎల్.హెచ్. అను సంఖ్య చిన్న అక్షరాలలో ఒదిగినది. పేరు తొలినాటిది, దేహం యుద్ధకాలపుది, ఇంజన్లు అమెరికావి. దీనిని మేము మోసమనము. ఈ వివరాలు రహస్యాలు కావు. కాని చూడవచ్చిన సామాన్యుని కంటికి కనబడేది తొలి యజమాని పేరొక్కటే.

ఒక వస్తువుపై అందరి పేర్లూ వ్రాయుట సాధ్యమా యని కొందరడుగవచ్చును. రెక్కలమీద వ్రాయనక్కరలేదు, ద్వారం ప్రక్కన ఒక ఫలకం చాలును. అందులో నార్వే పనివారి నేర్పు ఉండాలి, ఈక్వడార్ సేవ ఉండాలి, 1940 నాటి దౌర్జన్యమూ ఉండాలి. గౌరవం కలిగించేవాటినే ఏరి వ్రాసినది చరిత్ర కాదు, ప్రశంసాపత్రం మాత్రమే. నార్వేవారు కొత్త దేహాన్ని సమకూర్చకపోయినా, ఐరోపా వదలుకొన్న యంత్రాన్ని ఈక్వడార్‌వారు నడపకపోయినా, 1984లో లుఫ్తాన్సా తిరిగి కొనుటకు ఆ విమానమే మిగిలియుండేది కాదు గదా!

క్రయపత్రం యజమానిని నిర్ణయిస్తుంది; వస్తువును బ్రతికించేది మాత్రం సంరక్షణ. మన ఊళ్లలోని పాత కట్టడాలకు సున్నం వేసినప్పుడు కూడా కట్టించినవాని పేరు మెరుస్తుంది, కూలకుండా కాపాడినవాని పేరు పూతక్రింద మాసిపోతుంది. శిలాఫలకం చదివే విద్యార్థులు "దీనిని కట్టించినదెవరు?" అన్న ప్రశ్నతో ఆగక, "ఇంతకాలం నిలిపినదెవరు?" అని కూడా అడుగ నేర్వవలెనని మా కోరిక.