కరెంటు యూనిట్‌కు 10 రూపాయలా? అద్దెకుండేవాళ్లు ఈ లెక్క చూశాకే కట్టాలి

కొల్లిపర: నెల మొదట్లో ఇంటి అద్దెతో పాటు ఓనర్ చెప్పే ఇంకో అంకె కరెంటు బిల్లు. ఇంటికి ఒకటే సర్వీసు, మూడు పోర్షన్లు, లోపల సబ్ మీటర్లు. 'యూనిట్‌కు పది' అంటే పది కట్టేయడమే. కొల్లిపర, తెనాలి నుంచి బాపట్ల, రేపల్లె దాకా అద్దె ఇళ్లలో తెలిసిన సంగతే ఇది. ఇంతకీ ఆ పది రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి?

శ్లాబుల లెక్క ఇదీ
2022లో ఏపీఈఆర్సీ తెచ్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90. 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75. ఆపైన రూ.9.75. అంటే 400 దాటిన యూనిట్లకు కూడా ఎనర్జీ ఛార్జీ పది రూపాయలు లేదు.

మూడు పోర్షన్లు తలా 100 యూనిట్లు వాడాయనుకుందాం. ఒకే మీటర్ మీద 300 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ రూ.1,673.25. సగటున యూనిట్‌కు రూ.5.58. దానికి డ్యూటీ, ఫిక్స్‌డ్, కస్టమర్, సర్దుబాటు ఛార్జీలు కలుస్తాయి. పది చొప్పున వసూలు చేస్తే వచ్చేది రూ.3,000.

ఇంకో కోణం కూడా ఉంది. అదే 100 యూనిట్లు ఎవరి మీటర్ మీద వాళ్లు వాడితే ఒక్కొక్కరికి రూ.304.50, ముగ్గురికీ కలిపి రూ.913.50. అంటే ఓనర్ ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకపోయినా, ఒకే మీటర్ వల్ల నెలకు దాదాపు రూ.760 అదనం.

ఎలా చెక్ చేయాలి?
* అసలు బిల్లు చూపించమని అడగాలి. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగిస్తే వచ్చేదే అసలు రేటు.
* మెయిన్ మీటర్ యూనిట్లలోంచి సబ్ మీటర్ల మొత్తం తీసేయాలి. మిగిలింది మోటార్, మెట్ల లైట్ల వాడకం. అది అందరూ పంచుకోవాల్సిందే.
* పాత సర్దుబాటు ఛార్జీలు ఏ కాలానివో చూడాలి. బాకీ మీటర్‌ను పట్టుకుని ఉంటుంది. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల వాడకం కొత్తగా వచ్చినవాళ్ల మీద పడొచ్చు.
* 2024-25కు ఎక్కువగా వసూలైన రూ.923 కోట్లు తిరిగివ్వాలని ఏపీఈఆర్సీ ఆదేశించింది. 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసల తగ్గింపు అదే. అది కిందికి అందిందా?

సొంత మీటర్ అడగొచ్చా?
అడగొచ్చు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 43 ప్రకారం ఓనరే కాదు, ఇంట్లో ఉంటున్నవాళ్లూ కనెక్షన్‌కు దరఖాస్తు చేయొచ్చు. కరెంటు కనీస అవసరమని, ఓనర్ ఎన్‌ఓసీ ఇవ్వలేదని అద్దెదారుకు కాదనకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. దరఖాస్తుదారు అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే చూడాలంది. పల్లెల్లో కొత్త కనెక్షన్‌కు గడువు 15 రోజులని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.

మీటర్ పేరుతో ఇంటిపై హక్కు అడుగుతారేమోనని ఓనర్ల భయం. కరెంటు బిల్లు ఇంటి దస్తావేజు కాదు. పైగా లాభం వాళ్లకూ ఉంది. సంక్షేమ పథకాల ఆరు దశల వెరిఫికేషన్‌లో నెలకు 300 యూనిట్ల పరిమితి ఉంది. అద్దెకున్నవాళ్ల వాడకం కూడా ఓనర్ మీటర్ మీదే పడితే పింఛనుకే ఎసరు రావచ్చు.

తేడా ఎవరితో?
బిల్లే తప్పైతే 1912కు ఫోన్ చేయాలి. సీపీడీసీఎల్ స్పందించకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాయి. బిల్లు సరిగానే ఉండి, తేడా సబ్ మీటర్ దగ్గరే ఉంటే ఆ మాట ఓనర్‌తోనే తేల్చుకోవాలి. అందుకే అద్దె కాగితంలో ఒక్క లైన్ ముందే రాసుకోవాలి: 'అసలు బిల్లు సగటు రేటు ప్రకారమే కరెంటు ఛార్జీ'. ప్రతి నెలా రెండు మీటర్ల రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకుంటే గొడవ లేకుండా లెక్కే మాట్లాడుతుంది.