పసిపాప మెదడుకు పటం

పుట్టిన పాప మెదడును పుర్రె తెరవకుండా చూడటమెలా? ఎమ్మారై యంత్రం ఆ పని చేస్తుంది. ఇందులో ఎక్స్‌కిరణాలు లేవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు. వాటికి జవాబు చెప్పేవి మన ఒంటి నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు.

లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఇలా తీసిన 783 మంది శిశువుల మెదడు చిత్రాలను 2021లో పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచారు. పాప కదిలితే చిత్రం చెడుతుంది. అయినా మత్తుమందు ఇవ్వలేదు. పాలు పట్టి, ఒత్తుగా చుట్టి, యంత్రం రొద వినబడకుండా చెవులు మూసి నిద్రపుచ్చారు. (మన అమ్మమ్మలకు ఇందులో సగం ఏనాడో తెలుసు!)

ఆరో నెల గర్భంలో మెదడు దాదాపు నున్నగా ఉంటుంది. నెలలు నిండేసరికి అక్రోటు పప్పులా ముడతలు పడుతుంది. మరి ఏడో నెలలోనే పుట్టిన పాపకో? ఆ ముడతలు ఇంక్యుబేటర్‌లో పడాలి. అవి సరిగా పడుతున్నాయా అని పోల్చి చూడటానికి డాక్టరుకు ఒక కొలబద్ద కావాలి. పటం విలువ అక్కడుంది. కాస్త తేడా కనబడగానే “ఈ పిల్లకు చదువు రాదు” అంటే మాత్రం అది జాతకమే గాని శాస్త్రం కాదు.

అయితే ఒక్క నగరపు పటంతో గుంటూరు పాపను కొలవవచ్చునా? తల్లి తిండి, పుట్టినప్పటి బరువు అన్నిచోట్లా ఒకటి కావు. మన పిల్లల పటాలు మనమూ గీయాలని నా అభిప్రాయం. ఎమ్మారై యంత్రాలు మన పెద్ద ఆస్పత్రులలో ఉన్నాయి. ఇక కావలసింది విషయం వివరించి తల్లి అంగీకారం అడిగే డాక్టరు, పాప నిద్రపోయేదాకా ఓపికగా కూర్చునే నర్సు.