విడి అధ్యాయాల ఇంగ్లీషు వ్యాకరణం

తెలుగు విద్యార్థి ఇంగ్లీషులో చేసే ప్రతి తప్పుకూ మాతృభాషా ప్రభావమే కారణమని చెప్పడం బోధకులకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాట ఎంతవరకు నిజమో ఒక్కొక్క తప్పునూ పట్టి చూసే ఓపిక ఎవరికీ మిగలలేదు. నామానికి ముందు నిలిచి, వాక్యంలోని తక్కిన పదాలతో దానికున్న సంబంధాన్ని తెలిపే ఇన్, విత్, బిట్వీన్ వంటి మాటలను ప్రిపొజిషన్లు అంటారు. తెలుగులో ఆ పని నామం తరవాత చేరే విభక్తి ప్రత్యయాలది. పదాలనూ వాక్యాలనూ కలిపే అండ్, ఆర్ వంటివి కంజంక్షన్లు, అంటే సముచ్చయ పదాలు. ఈ రెంటికీ బహువచన నామం తోడై మూడూ ఒకచోట చేరినప్పుడు దొర్లే తప్పులను పరిశీలిస్తే, వాటిలో కొన్నింటికి మాత్రమే తెలుగు పూచీ పడవలసి ఉంటుందనీ, తక్కినవి ఆ మూడింటినీ మూడు అధ్యాయాలుగా విడదీసి చెప్పే బోధన వల్ల వచ్చినవేననీ తేలుతుంది.

ఈ విభజన నిన్న మొన్నటిది కాదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరుతో చెలామణీ అయిన గ్రీకు వ్యాకరణం భాషాభాగాలను ఎనిమిదిగా లెక్కించి, ప్రిపొజిషన్‌నూ కంజంక్షన్‌నూ వేర్వేరు వర్గాలు చేసింది. ఆ లెక్క లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు వచ్చి, 1935లో తొలిసారి వెలువడి భారతదేశమంతటా తరతరాల విద్యార్థుల చేతుల్లో నలిగిన రెన్, మార్టిన్‌ల పుస్తకం వంటి బడి వ్యాకరణాల్లో స్థిరపడింది. సంస్కృత సంప్రదాయం మాత్రం లింగ వచన విభక్తులను బట్టి రూపం మారని పదాలన్నిటినీ అవ్యయాలని ఒకే గంపకింద కమ్మింది. ఇంగ్లీషు విషయంలో అదే మేలేమోనన్న అనుమానం కలగడానికి కారణం లేకపోలేదు. ఆఫ్టర్, బిఫోర్, సిన్స్ వంటి మాటలు నామం ముందు నిలిస్తే ప్రిపొజిషన్లనీ, వాక్యం ముందు నిలిస్తే కంజంక్షన్లనీ చెప్పి ఒకే పదాన్ని రెండుగా చీల్చడం అనవసరమని డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924 నాటికే వాదించాడు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణం సుమారుగా ఆ దారినే తొక్కింది. బడి పుస్తకాలకు ఆ గాలి ఇంకా సోకలేదు.

ఈ మూడింటి కలయికను అన్నిటికన్నా స్పష్టంగా చూపించే మాట బిట్వీన్. ప్రాచీన ఇంగ్లీషులో అది రెండు ముక్కల కూర్పు: మొదటిదానికి పక్కన అనీ, రెండోదానికి రెండేసి అనీ అర్థం. ఆ రెండో ముక్క చివర ఉన్నది బహువచన చతుర్థీ విభక్తి ప్రత్యయం కావడం వల్ల, పక్కన నామం చేరకముందే బహువచనం ఆ ప్రిపొజిషన్ కడుపులో ఉందని చెప్పవచ్చు. బేవుల్ఫ్ కావ్యంలో ఆ రెండు ముక్కలూ విడిపోయి, సముద్రాలు అనే బహువచన నామం వాటి నడుమ ఇమిడి కూర్చున్న ప్రయోగం కూడా ఉంది. 11వ శతాబ్దం తరవాత ఇంగ్లీషులో విభక్తి ప్రత్యయాలు చాలావరకు అరిగిపోగా, నామాల మధ్య సంబంధం చెప్పే భారమంతా ప్రిపొజిషన్ల మీదా పదక్రమం మీదా పడింది. అయినా బిట్వీన్ మాత్రం తన పాత కోరికను వదులుకోలేదు. దాని తరవాత బహువచన నామమైనా ఉండాలి, అండ్‌తో కలిసిన రెండు నామాలైనా ఉండాలి. బహువచనమూ అండ్ ఇక్కడ ఒకే పనికి నియమితమైన ఇద్దరు ఉద్యోగులు. ఒకరు సెలవు పెడితే రెండోవారు హాజరు కావలసిందే. బిట్వీన్ ఈచ్ హౌస్ అనే ఏకవచన ప్రయోగాన్ని సంప్రదాయవాదులు తప్పుపట్టడానికి ఇదే మూలం. తెలుగువాడు సహజంగానే ప్రతి రెండు ఇళ్ల మధ్య అంటాడు కాబట్టి, ఈ ఒక్క చోట అతడికి వ్యాకరణ పాఠంతో నిమిత్తమే లేదు.

ఇద్దరైతే బిట్వీన్, అంతకు మించితే అమాంగ్ అనే బడి సూత్రం మాత్రం సగమే సత్యం. 1884లో తొలి భాగం వెలువడిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు, బిట్వీన్ పుట్టినప్పటి నుంచీ ఇద్దరికన్నా ఎక్కువమందికి వర్తిస్తూనే ఉందని తేల్చింది. అసలు తేడా సంఖ్యలో లేదు. మూడు దేశాల ఒప్పందంలో ప్రతి దేశానికీ తక్కిన ప్రతి దేశంతోనూ విడిగా సంబంధం ఏర్పడుతుంది గనుక అక్కడ బిట్వీనే తగినది. గుంపు అనే అర్థమిచ్చే మాటనుంచి పుట్టిన అమాంగ్, విడివిడిగా ఎంచవలసిన అవసరం లేని సమూహం కోసం ఉంది.

బిట్వీన్ టెన్ టు ట్వెల్వ్ అనే తప్పు ఆహ్వాన పత్రికల్లోనూ కార్యాలయ సూచనల్లోనూ నిత్యం కనిపిస్తుంది. టు అనేది ఫ్రమ్‌కు జోడీ, అండ్ అనేది బిట్వీన్‌కు జోడీ. ఇక్కడ మాతృభాష మీది నేరారోపణ నిలుస్తుంది. పది నుంచి పన్నెండు గంటల మధ్య అని తెలుగులో చెప్పే అలవాటే ఇంగ్లీషులోకి దిగింది. అయితే ఆ తెలుగు వాక్యం కూడా రెండు నిర్మాణాల కలగాపులగమే. పదినుంచి పన్నెండు వరకు అనేది ఒకటి, పదికీ పన్నెండుకూ మధ్య అనేది మరొకటి. రెండోదానిలో సముచ్చయార్థం ఇచ్చే దీర్ఘాలు అండ్ చేసే పనినే చేస్తున్నాయి. ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారు సైతం ఈ రెంటినీ కలిపి పొరబడుతుంటారు కాబట్టి, తెలుగును మరీ నిలదీయనక్కరలేదు.

తక్కిన తప్పుల సంగతి వేరు. కృష్ణా గోదావరుల మధ్య అన్నప్పుడు గోదావరి ఒక్కటే అయినా దానికి బహువచన ప్రత్యయం చేరుతుంది. ఆ ప్రత్యయం గోదావరిది కాదు, జంటది. కలిపే పదమేదీ లేకుండా బహువచనమే సముచ్చయం పని కూడా చేసిపెడుతున్న ఈ సౌకర్యం ఇంగ్లీషుకు లేదు. అక్కడ నదుల పేర్లు రెండూ ఏకవచనంలోనే ఉండి, వాటి నడుమ అండ్ రావాలి. చివర నది అనే జాతి నామాన్ని కూడా చేర్చదలిస్తే రివర్స్ అని బహువచనం చేయాలి. తెలుగు, తమిళ భాషలు అని తప్పు లేకుండా చెప్పే విద్యార్థి ఇంగ్లీషులో లాంగ్వేజ్ అని ఏకవచనంతో ముగించడానికి అతడి తెలుగు ఎలా కారణమవుతుంది? నా స్నేహితుల్లో ఒకడు అనే చోట కూడా బహువచనం ఉంది. అయినా వన్ ఆఫ్ మై ఫ్రెండ్ అనేవారికి కొదవ లేదు. వన్ అంటే ఏకవచనమని వచనాల అధ్యాయంలోనూ, ఆఫ్ అంటే షష్ఠి అని ప్రిపొజిషన్ల అధ్యాయంలోనూ నేర్చుకున్నవాడికి, ఆ ఆఫ్ పక్కన ఒక సమూహం ఉండి తీరాలనీ, ఒకటి అందులోంచి ఏరబడుతుందనీ ఏ అధ్యాయమూ చెప్పదు.

అలాంగ్ విత్ సంగతి ఇంకా విచిత్రం. అది అండ్ వలె కలుపుతున్నట్టు కనిపించినా ప్రిపొజిషనే గనుక, దాని వెనక ఎంతమంది వచ్చినా క్రియ కర్తను బట్టి ఏకవచనంలోనే నిలుస్తుంది. పరీక్షల్లో కఠినమైన నియమంగా పేరుపడిన ఈ సూత్రం తెలుగువాడి నోట పుట్టినప్పటి నుంచీ ఉంది: తమ్ముళ్లతో పాటు రాముడు వచ్చాడు అంటాడే గాని వచ్చారు అనడు, రాముడూ తమ్ముళ్లూ అన్నప్పుడు మాత్రం వచ్చారు అంటాడు. ఉన్న జ్ఞానాన్ని వాడుకోకుండా కొత్త సూత్రంగా కంఠస్థం చేయించడాన్ని బోధన అనడం కష్టం.

అండ్ వచ్చినంత మాత్రాన ఇద్దరున్నారని అనుకోవడానికీ వీల్లేదు. ద సెక్రటరీ అండ్ ట్రెజరర్ అంటే రెండు పదవులూ ఒక్కరివే, క్రియ ఏకవచనం. ట్రెజరర్ ముందు మరొక ద చేరితే మనుషులు ఇద్దరవుతారు, క్రియ బహువచనమవుతుంది. ప్రిపొజిషన్‌ను మళ్లీ పలకడంలోనూ ఇలాంటి సూక్ష్మమే ఉంది. విత్ ఫార్మర్స్ అండ్ ఆఫీసర్స్ అంటే చర్చ ఒక్కటే కావచ్చు. ఆఫీసర్స్ ముందు విత్ మళ్లీ వస్తే రెండు చర్చలు జరిగాయనే ధ్వని బలపడుతుంది. రైతులు, అధికారులతో అనడానికీ రైతులతోనూ అధికారులతోనూ అనడానికీ ఉన్న తేడా తెలిసినవారికి ఇది కొత్త కాదు.

అండ్ చేరితే ప్రిపొజిషన్ పట్టు సడలడం ఇంగ్లీషువారిలోనూ పాత జబ్బే. ప్రిపొజిషన్ తరవాత ఐ రాకూడదు, మీ రావాలి అని తెలిసినవారే బిట్వీన్ యూ అండ్ ఐ అంటారు. ది మర్చంట్ ఆఫ్ వెనిస్ నాటకంలో ఆంటోనియో రాసిన ఉత్తరంలో షేక్‌స్పియర్ ఈ ప్రయోగాన్నే చేశాడు. ఐ ఒక్కటే ఉన్నప్పుడు ఎవరికీ కలగని భ్రమ అండ్ తోడైనప్పుడు కలుగుతున్నదంటే, తప్పు ప్రిపొజిషన్లో గాని సర్వనామంలో గాని లేదన్నమాట. ఖాళీలో సరైన ప్రిపొజిషన్ నింపమనే ప్రశ్న దీన్ని ఎన్నటికీ పరీక్షించలేదు. ప్రిపొజిషన్‌ను వాక్యంలో ఉంచి, దాని తరవాత వచ్చే నామాల వచనాన్నీ వాటి నడుమ కంజంక్షన్‌నూ విద్యార్థి చేత పూరింపజేసే అభ్యాసాలు తొమ్మిది, పది తరగతుల పుస్తకాల్లోకి రావడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. అధ్యాయం చివర ఉన్న ఖాళీల స్థానం మారిస్తే చాలు.